గోడ దాహం

నా కాలు ఒకచోట నిలవదని మా అమ్మ ఊరంతా చెప్పేది. నిజమే. కూర్చుని పప్పు ఏరమంటే సగంలో లేచి వీధిలోకి పోయేదాన్ని. కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబులో బీకరు మరిగేదాకా ఆగలేక కిటికీకీ బల్లకీ మధ్య తిరిగి తిట్లు తిన్నాను. డిగ్రీ చేతికొచ్చాక తెలిసింది, నరసరావుపేటలో ఆ చదువు ఎవరికీ అక్కర్లేదని. పెళ్ళయింది. మా ఆయన మాచర్లలో బడిపంతులు. శనివారం సాయంత్రం వస్తాడు, సోమవారం తెల్లారి బస్సుకు పోతాడు. మిగతా రోజులు నేను ఇంట్లో గిరగిరా తిరుగుతూ, దొరికినవాళ్ళతో పోట్లాడుతూ గడిపేదాన్ని.

ఎనభైలు ముగియబోతుండగా మా చిన్నాన్న రొంపిచర్ల రోడ్డులో మిరపకాయలకు కోల్డ్ స్టోరేజీ కట్టడం మొదలుపెట్టాడు. అప్పట్లో అందరూ గోడలకు లోపలివైపు థర్మోకోల్ పలకలు అతికించేవాళ్ళు. చిన్నాన్నకు ఎవరో నురగ సంగతి చెప్పారు. రెండు డ్రమ్ముల మందు, రెండు గొట్టాలు, ఒక గన్ను. ఆ రెండు మందులూ గన్నులో కలిసి గోడ మీద పడగానే పొంగి గట్టిపడతాయి. అతుకులుండవు, లోపలి చలి లోపలే ఉంటుంది. ఆ పనికి బొంబాయి నుంచి ఒకాయన మిషన్‌తో సహా దిగాడు. డ్రమ్ముల మీద ఇంగ్లీషులో రాసింది చదివిపెట్టమని చిన్నాన్న నన్ను పిలిచాడు.

"ఊరికే వీధులెంట తిరిగే బదులు ఇక్కడ తిరుగు," అన్నాడు.

తిరిగాను. బొంబాయాయన వెనకాలే తిరుగుతూ ప్రశ్నలతో ఆయన ప్రాణం తీశాను. ఎందుకు పొంగింది? ఎందుకు ఆగింది? మరీ మందంగా ఒకేసారి కొడితే ఏమవుతుంది? ఆయన మాటల్లో సగం హిందీ. కంప్రెసర్ నడిపే సాయిబు మెకానిక్ నాకు తెలుగులో చెప్పేవాడు. చివరికి విసుగొచ్చి ఆయన గన్ను నా చేతిలో పెట్టాడు. "మీరే అడగండి దాన్ని," అన్నాడట. మెకానిక్ నవ్వుతూ చెప్పాడు.

మా ఆయన పాత ప్యాంటూ చొక్కా వేసుకుని, జుట్టుకు గుడ్డ చుట్టి, కళ్ళజోడూ మాస్కూ పెట్టుకుని గన్ను పట్టాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చూడనీ! ఆ పనిలో నాకు తెలిసిన మొదటి సంగతి, చెయ్యి ఎక్కడా ఆగకూడదని. ఆగిన చోట నురగ కుప్పపడి లోపల వేడెక్కి మాడిపోతుంది. అంగుళం చొప్పున కొట్టాలి, చల్లారనివ్వాలి, మళ్ళీ కొట్టాలి. డ్రమ్ములు చలికి బిగుసుకుంటే ఎండలో పెట్టాలి. గోడకంటే ముందు ఒక అట్టముక్క మీద కొట్టి రంగూ పొంగూ చూడాలి. మందం కొలవడానికి సైకిలు చువ్వకు గోళ్ళరంగుతో గీతలు పెట్టుకున్నాను. ఆగకుండా కదలడమంటే నాకు పండగ. మధ్యలో చల్లారేదాకా కూర్చోవడమే నరకం. ఆ కాసేపట్లో మెకానిక్‌తో కనీసం ఒక గొడవ పెట్టుకునేదాన్ని.

మొదటి గది పూర్తికాగానే బొంబాయాయనకు కామెర్లొచ్చాయి. మిషన్ మా దగ్గర వదిలి, పచ్చటి కళ్ళతో రైలెక్కాడు. రెండో గది మిగిలింది. మిరపకోతల నాటికి అదీ సిద్ధమై తలుపు తెరవాలి.

"హైదరాబాద్ వాళ్ళకు కబురు పెడతా," అన్నాడు చిన్నాన్న.

"నేనున్నాగా?"

"నువ్వా? గట్టిగా పది నిమిషాలు కూర్చోలేవు."

"ఈ పనికి కూర్చోకూడదు చిన్నాన్నా, అదే దీని గొప్ప."

మధ్యాహ్నం దాకా వాదించాను. చివరికి విసిగిపోయి అన్నాడు: "ఒక్క గోడ చేసి చూపించు. బాగుంటే గదంతా నీదే. లేదంటే గన్ను అక్కడ పెట్టి ఇంటికి పో."

ఇంటికి పో అంటే ఏమిటో నాకు తెలుసు. మళ్ళీ ఆ గిరగిరలు, ఆ శనివారాలు.

కట్టుబడి పని చూసే మేస్త్రి పెద్దాయన. ఈ చుట్టుపక్కల సగం ఇళ్ళు ఆయన చేతిమీద లేచినవే. నన్ను చూస్తే ఆయనకు నవ్వు. "ఏంది పాపా, ప్యాంటేసుకుని గోడ మీద పెరుగు పోస్తన్నావా?" అనేవాడు. ముందురోజు సాయంత్రం ఆ గోడంతా చేత్తో తడిమి చూశాను. పూత లేని ఇటుక, ఒట్టి పొడిగా ఉంది. మేస్త్రికి గట్టిగా చెప్పాను, "రేపు నేను కొట్టేదాకా ఈ గోడను ఎవరూ ముట్టుకోకూడదు."

"ముట్టుకోం తల్లీ," అన్నాడు.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక మొదలుపెట్టాను. అట్ట మీద నురగ సరిగ్గానే వచ్చింది. గోడ మీద మాత్రం విరగబొంగింది. పనివాళ్ళు గుమిగూడారు. చిన్నాన్న వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "అబ్బో, బొంబాయాయన కొట్టినదానికన్నా చానా పొంగిందే! ఇంక గదంతా కానియ్," అన్నాడు. గెలిచాను. నోరు మూసుకుంటే చాలు, గెలిచినట్టే.

అంత పొంగడమే నాకు నచ్చలేదు. కత్తి తీసుకుని ఒక మూల కోశాను. గచ్చకాయలా గట్టిగా ఉండాల్సింది పుట్నాలపొడిలా రాలింది. వేళ్ళు దూర్చి లాగితే కాలిన పెనం మీది దోసెలా పలకకు పలక ఊడొచ్చింది. వెనక ఇటుక ముదురెరుపుగా ఉంది. చెయ్యి పెట్టాను. తడి.

"ఎవరు తడిపారు దీన్ని?" అని అరిచాను.

మేస్త్రి తాపీగా ముందుకొచ్చాడు. "మనమే. తెల్లారుజామున."

"ముట్టుకోవద్దన్నానా లేదా?"

"ముట్టుకున్నామా? దూరంగా నిలబడి బొక్కెన్లతో కొట్టాం. గోడకు దాహం తీర్చకుండా ఏం పూసినా నిలిచిద్దా? పూతగానీ సున్నంగానీ, ముందు తడపాల. లేకపోతే గోడ తాగేసిద్ది. నీకు తెలియదేమో, పొద్దున్నే లేచి నీ పని కూడా మేమే చేశాం."

ఆయన మొహంలో మాయ ఏమీ లేదు. నామీద దయతో చేశాడు! దానికి నాకు ఇంకా మండింది. ఆ రెండు మందుల్లో ఒకటి నీళ్ళు కనబడితే ఆగదు. రెండోదాన్ని వదిలేసి నీళ్ళతో కలిసి గ్యాసు పుట్టిస్తుంది. గోడను పట్టుకోవాల్సిన చోట వట్టి బుడగలు. పొద్దున తడిపిన ఇటుక ఎండకు పైపైన ఆరింది, లోపల మాత్రం నీళ్ళు తాగి కూర్చుంది.

"అయితే నీ గోడ చెడిందన్నమాట," అన్నాడు చిన్నాన్న.

"చెడింది. మొత్తం పీకాలి."

"పీకేదేంది? పైన ఇనప జాలీ కొట్టి సిమెంటు పూస్తే లోపల ఏముందో ఎవడికి తెలిసిద్ది?"

"మిరపకాయకు తెలుస్తుంది. ఆ సందులో చెమ్మ చేరుతుంది, గోడ కారుతుంది. ఎండాకాలంలో నువ్వు తలుపు తీసినప్పుడు బూజు వాసన నీకూ తెలుస్తుంది."

"నీ వల్ల కాలేదని చెప్పవే! నీళ్ళ మీదికి నెడతావేంది?"

అప్పుడు నా నోరు పనికిరాదని తెలిసింది. ఇద్దరినీ ఆగమని, బయట కుప్పలోంచి రెండు ఇటుకలు తెచ్చాను. ఒకటి తొట్టిలో ముంచి తీసి తుడిచాను, రెండోది అలాగే ఉంచాను. పక్కపక్కన పెట్టి ఒకే ఊపులో రెంటిమీదా కొట్టాను. అదే గన్ను, అవే డ్రమ్ములు, అదే చెయ్యి. గట్టిపడేదాకా ఆ ఇటుకల చుట్టూ తిరిగాను. "కూర్చో అక్కా, కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు మెకానిక్.

"మేస్త్రీ, నువ్వే లాగు," అన్నాను.

తడి ఇటుక మీది నురగ ఆయన బొటనవేలికే ఊడొచ్చింది. పొడిదాన్ని లాగితే రాలేదు. మోకాలు అడ్డం పెట్టి లాగాడు. చివరికి వచ్చింది, ఇటుక చర్మం ఒలుచుకుని మరీ వచ్చింది. ఆయన ఆ ఎర్రటి పొరను గోటితో గీకి చూశాడు.

"పిల్ల చెయ్యి బానే ఉంది," అన్నాడు చిన్నాన్నతో. "చెడగొట్టింది నా నీళ్ళు. ఏం చెయ్యను, దాహం లేని గోడలు కూడా ఉంటాయని మాకు ఎవరు చెప్పారు?" తర్వాత నావైపు తిరిగాడు. "ముట్టుకోవద్దు అంటే ఏం తెలిసిద్ది? తడపొద్దు అని చెప్పాల. చదువుకున్నావుగా."

"దూరం నుంచి కొట్టినా తడుపుడేనని ఇప్పుడు చెబుతున్నా."

చిన్నాన్న నోరు పెద్దది చేసుకుని తిట్టాడు. నన్ను, మేస్త్రిని, బొంబాయిని, కామెర్లను, వరసపెట్టి తిట్టాడు. తిట్టి తిట్టి కొత్త డ్రమ్ములకు కబురు పెట్టాడు. నన్ను ఇంటికి పొమ్మనలేదు. మేస్త్రి మనుషులూ నేనూ కలిసి గోడంతా గీకాం.

తర్వాత వేచి ఉండటం. అసలు పని అదే. ధనుర్మాసం మంచు, పొద్దున్నే అంతా చెమ్మ. గోడ ఆరాలి. నేనేమో గంటకోసారి పోయి దానికి చెంప ఆనించేదాన్ని. బయటికి వచ్చి రోడ్డు దాకా నడిచి, మళ్ళీ వెనక్కి. ఇంకా చల్లగా ఉందని నాకే కోపం. చిన్నాన్న "ఆరిందే, ఇంక కానియ్" అన్న ప్రతిసారీ వద్దన్నాను. కాళ్ళు కొట్టమంటున్నాయి, నోరు వద్దంటోంది. మేస్త్రి గుమ్మంలో అడ్డంగా ముళ్ళకంప పెట్టాడు. కూలివాడొకడు మంచినీళ్ళ చెంబుతో లోపలికి పోతుంటే, "ఒరేయ్, బయట తాగి చావు! గోడ చూసిద్ది!" అని కేకేశాడు.

గోడ చెంపకు వెచ్చగా తగిలిన రోజు మధ్యాహ్నం కొట్టాను. కోసి చూశాను. కత్తి లోపలికి పోవడానికి బలం పెట్టాల్సి వచ్చింది. లాగితే ఇటుక పొర కూడా వచ్చింది. చిన్నాన్న ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి జేబులో వేసుకుని, "కప్పుకు నిచ్చెన చూసుకో," అన్నాడు. గదంతా నాదేనని అలా చెప్పాడు.

అన్నీ అయ్యాక నురగ మీద జాలీ కొట్టి, మేస్త్రి సిమెంటు పూత పూశాడు. మర్నాడు పొద్దున నేను పోయేసరికి పూత పొడిగా, తెల్లబారుతూ ఉంది. కూలీలు బొక్కెన్ల నిండా నీళ్ళు పట్టుకుని బయట వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ గడప దాటలేదు. మేస్త్రి ముళ్ళకంప పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏంది, పూత బీటలిచ్చేదాకా చూస్తావా?" అన్నాను.

"నువ్వు చెప్పందే తడిపేది లేదు," అన్నాడు కదలకుండా. "ఇది సిమెంటు. దీనికి దాహమా, కాదా? నీ నోటితో చెప్పు."

"దాహమే పెదనాయనా. తడుపు."

"అట్టా చెప్పు," అని లేచి, మొదటి బొక్కెన నా చేతికిచ్చాడు.