ఒక్క రోజు పస్తు

ప్రయోగశాలలో అందరూ ఆమెను సీసాలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా అక్కడి గాజు సామానంతా కడిగేది ఆమే. ఆమెకు చేతకానిదల్లా ఒక్కటే, ఎదుటి ప్రాణికి కడుపు మాడుతుంటే చూస్తూ ఊరుకోవడం. ఆపరేషన్ ముందు అత్తగారికి ఏమీ పెట్టవద్దని డాక్టరు చెప్పినా, చాటుగా పాలు పట్టించి ఆ ఆపరేషన్ కాస్తా వాయిదా వేయించిన ఘనురాలు.

ఆ వారం ప్రయోగశాల నడిపే మేడమ్ వాగులోంచి పురుగులు తెచ్చింది. రాళ్ల అడుగున పాకుతూ నానిన ఆకులు కొరుక్కుతినే నల్లటివి, రెక్కలొచ్చాక ఎగిరిపోతాయి. వాగు ఎగువన ఇనుప సామానుకు పూత వేసే ఫ్యాక్టరీ ఉంది. దిగువన సీసాలక్క చెల్లెలు ఆ నీటితోనే కూరగాయలు పండిస్తోంది. ఆ ఫ్యాక్టరీ నీటిలోకి వదిలే కాడ్మియం అనే విషలోహం పురుగుల ఒంట్లో చేరిందని తేలితే ఫ్యాక్టరీ కాలువ మూయించవచ్చు.

"అక్కా, రేపటిదాకా వీటికి తిండి పెట్టకు. కడుపులో బురదంతా పోయాకే పరీక్ష," అని చెప్పి వెళ్లింది మేడమ్.

సాయంత్రం తాళం వేయబోతూ సీసాలక్క పురుగులున్న పళ్లెంలోకి తొంగిచూసింది. ఒక పురుగు గాజు అంచును తడుముతోంది. ప్రాణం ఉసూరుమంది. వాగు నుంచి తెచ్చిన బకెట్ అడుగున నాలుగు ఆకులుంటే తుంచి వేసింది.

నాలుగు రోజులకు ఫలితం వచ్చింది. "అనుకున్నదానికి రెండింతలుంది అక్కా! ఇక ఫ్యాక్టరీవాళ్లు నోరెత్తలేరు."

సీసాలక్కకు తాను వేసిన ఆకులు గుర్తొచ్చాయి. ఊరుకుంటే చెల్లెలి కష్టం తీరుతుంది. కానీ ఆకుల సంగతి అవతలివాళ్లు కూపీ లాగితే చెల్లెలి మాట ఇంకెవరు నమ్ముతారు?

"నన్ను తిట్టమ్మా. వాటికి ఆకులు పెట్టాను. ఆ బకెట్‌లోవే."

మేడమ్ ఫలితం కాగితాన్ని బల్లమీద పడేసింది. "ఆ ఆకుల్లోనూ అదే విషం ఉంటుంది కదక్కా! ఏది కడుపులోదో, ఏది ఒంట్లోదో ఎట్లా చెప్పను? ఇంతకీ తిన్నాయా?"

"ఈనెలు తప్ప ఏమీ మిగల్చలేదు పాపం."

కోపంలోనూ మేడమ్‌కు నవ్వాగలేదు.

మళ్లీ వాగుకు వెళ్లారు. సీసాలక్కే మోకాళ్లలోతు నీళ్లలో వంగి రాళ్లు తిప్పింది. పస్తు పెట్టే రోజున తాళంచెవి మేడమ్ చేతిలో పెట్టి, "నామీద నాకే నమ్మకం లేదమ్మా," అంది.

ఈసారి లెక్క తగ్గింది. అయినా పోల్చి చూడడానికి ఫ్యాక్టరీకి ఎగువ నుంచి తెచ్చిన పురుగులకంటే ఆరింతలు.

"ఇది ఒక్కరోజు పస్తుతో పోయేది కాదక్కా. తిండిలోంచి, నీళ్లలోంచి ఒంటికి పట్టేసింది."

రిపోర్టు ఆ రోజే పై అధికారులకు వెళ్లింది. సీసాలక్క చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఒసే, ఆ నీళ్లు మడికి పెట్టకు. రేపు మేమొచ్చి మట్టి, కూరలు పరీక్షకు తెస్తాం. అందాకా ఏమీ కోయకు."

"ఎండిపోతాయే అక్కా!"

"పోనీ."

అవతల నీళ్ల మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"సరే, మోటారు ఆపేస్తున్నా," అంది చెల్లెలు.