వెర్లీన్ టాలివర్ చూడని పదిహేను సంతకాలు

నవంబరులో ఆ వీధిలోకి సరస్సు మీంచి గాలి వస్తుంది. ఇళ్ళ ముందు మెట్ల మీద, ఆగి ఉన్న కార్ల అద్దాల మీద, మనుషుల మాటల మీద కూడా సన్నగా తడి పూసి పోతుంది. ఆ ఏడు గాలికంటే ముందు తారు వాసన వచ్చింది. ఆరేళ్ళుగా గుంటలు పడి ఉన్న వీధిని నగరం పనివాళ్ళు రెండు రోజుల్లో నల్లగా, నున్నగా చేసి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ మూల మీది దీపాన్ని కూడా వెలిగించారు. ఆ దీపం కోసం వెర్లీన్ టాలివర్ పదకొండు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇప్పుడు మేయరు రెండోసారి పోటీకి దిగుతున్నాడనగా వెలిగింది.

"చూశావా, పట్టపగలే వెలుగుతోంది," అంది పక్కింటి ఒడెస్సా క్రంప్ కంచె అవతలినుంచి. "మనం ఎక్కడ చూడమోనని కంగారు కాబోలు."

వెర్లీన్ నవ్వలేదు. ఆ మేయరు నామినేషనుకి కావలసిన ఓటర్ల సంతకాల కాగితాలు తన కోటు లోపలే ఉన్నాయి.

ఆమెకి డెబ్బై ఒక్క ఏళ్ళు. మిసిసిపీ నుంచి తల్లి ఒళ్ళో కూర్చుని రైల్లో వచ్చిన పిల్ల. ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపింది. బస్సులో ముందున్న దారికంటే తల మీది అద్దమే ఎక్కువ చూసేది. వెనక సీట్లలో గోల ఉంటే ఫరవాలేదు, ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే ఏదో జరుగుతోందని లెక్క. ఉద్యోగం మానేసినా ఆ అద్దం ఆమె కళ్ళ ముందునుంచి పోలేదు.

ముప్పై ఏళ్ళుగా ఆ వీధి పోలింగ్ బూత్‌లో మేయరు పక్షం పని చూసేది ఆమే. ఎన్నికలొస్తే ఇంటింటికీ తనే వెళ్తుంది. అట్ట తన చేతిలోనే ఉంటుంది, ఎదుటివాళ్ళు పేరు రాసేదాకా కదలదు. ప్రతి కాగితం అడుగునా ఒక ప్రమాణం అచ్చువేసి ఉంటుంది: ఈ సంతకాలన్నీ నా ఎదుటే పెట్టారు అని. దాని కింద ఆ కాగితం తిప్పినవాళ్ళు నోటరీ ముందు సంతకం చేయాలి. ఒకసారి ఎదుటి పక్షం లాయర్లు వారం రోజులు భూతద్దాలు పెట్టుకుని ఆమె కాగితాలు వెతికారు. ఒక్క పేరూ కొట్టెయ్యలేకపోయారు. వెర్లీన్‌కి పతకాలేమీ లేవు గానీ, ఉన్నట్టయితే ఆ వారమే ఒకటి గుండెల మీద పెట్టుకుని ఉండేది.

మేయర్ లెలాండ్ బ్రాక్స్‌టన్ అంటే ఆమెకి గౌరవం ఎక్కడిదంటే, ఆమె భర్త ఏమోస్ పోయినప్పుడు ఆయన వచ్చాడు. ఫొటో తీయించుకుని వెళ్ళిపోలేదు. పాటలన్నీ అయ్యేదాకా కూర్చుని, చర్చి కింది గదిలో అందరితో పాటు భోజనం చేశాడు. ఆ రోజు ఆయన కోటు మీద అలసందల మరక పడింది. నాలుగేళ్ళుగా ఆ మరక ఆమె మనసులో ఆయన తరఫున మాట్లాడుతూ వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె కాగితాలు తీసుకుని వార్డు ఆఫీసుకి వెళ్ళింది. ఒకప్పుడు చెప్పుల కొట్టు అది. గోడలకి ఇంకా తోలు వాసన. ముద్ర ముందు పెట్టుకుని నోటరీ మిస్ ప్రూయిట్ కూర్చుని ఉంది. వార్డులో మేయరు పనులన్నీ చూసే డెక్స్టర్ హాస్కిన్స్ పిప్పరమెంటు చప్పరిస్తూ ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి. అందరి పుట్టినరోజులూ గుర్తుంచుకుంటాడు.

ఆయన కట్ట అందుకుని లోపలి గదిలోకి పోయి, జాబితాతో సరిచూసి తెచ్చానంటూ బల్ల మీద పెట్టాడు. వెర్లీన్ వేలు తడి చేసుకుని తిరగేసింది.

"డెక్స్టర్, నేను పన్నెండు కాగితాలు ఇచ్చాను. పదమూడు ఉన్నాయి."

"దేవుడి దయ, మిస్ వెర్లీన్. బైబిల్లో రొట్టెలూ చేపలూ పెరిగినట్టు పెరిగాయి."

"వాటిని పెంచినాయన ఎన్నికల్లో నిలబడలేదు నాయనా."

మిస్ ప్రూయిట్ ముక్కులో నవ్వి తల దించుకుంది. వెర్లీన్ ఆ పదమూడోది బయటికి లాగింది. పదిహేను వరసలు, పదిహేను పేర్లు, అందరూ తన వీధివాళ్ళే. అడుగున ప్రమాణం కింద తన పేరూ చిరునామా టైపు చేసి ఉన్నాయి. సంతకం చోటొక్కటే తెల్లగా ఉంది.

"ఇది నాది కాదు."

"మనుషులు మీవాళ్ళే కదండీ."

"మనుషులు నావాళ్ళే. కాగితం నాది కాదు. ఎవరు తిప్పారు?"

"మీకు నడవడం కష్టంగా ఉందని మనవాళ్ళే ఎవరో సాయం చేశారు. సోమవారం ఆఖరు. ఒక్క సంతకం పడేస్తే మిస్ ప్రూయిట్ ముద్ర వేస్తుంది, మీరు ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకోవచ్చు."

"పెట్టకపోతే?"

డెక్స్టర్ పిప్పరమెంటుని ఈ దవడనుంచి ఆ దవడకి మార్చాడు. "పెట్టకపోతే మీరు అలిసిపోయారనుకుంటాం. ముప్పై ఏళ్ళంటే తక్కువా? మీ బూత్ చూసుకోడానికి వేరేవాళ్ళు సిద్ధంగానే ఉన్నారు."

ఆమె తన పన్నెండూ, ఆ పదమూడోదీ కలిపి కోట్లో పెట్టుకుంది. "సోమవారం తెస్తాను," అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాగితం విప్పింది. నలుగురు ఒక బల్ల చుట్టూ చేరి ఓటర్ల జాబితా చూసి పేర్లు రాసెయ్యడం ఆ ఊరికి కొత్త కాదు. అదే అయి ఉంటుందనుకుంది. కానీ ఇవి దొంగ చేతిరాతలు కావు. మొదటి వరసలో ఒడెస్సా అక్షరాలు, చలికి వణుకుతున్నట్టు. మూడో వరసలో హోజియా గేన్స్, ఎడమకి వాలిపోయి. అన్నీ నిజమే. అందుకే ఆమెకి భయం వేసింది. తొమ్మిదో వరసలో లూసిల్ బాటిస్ట్ ఇంటి నంబరు రాసి, పక్కన ఇంకో మాట రాసింది: "త్వరగా లేచి తిరగాలి, సిస్టర్."

వెర్లీన్ ఆ మాటను మూడుసార్లు చదివింది. బస్సు రెండు స్టాపులు దాటిపోయింది.

శనివారం పొద్దున్నే హోజియా ఇంటి మెట్లెక్కింది. ఏడు మెట్లు. వాచిన మోకాలు ఒక్కో మెట్టునీ విడిగా లెక్కపెట్టుకుంది. హోజియా పాత పోస్ట్‌మ్యాను, ఎవరు తలుపు తట్టినా ముందు చేతులవైపు చూస్తాడు.

"ఈ సంతకం నీదేనా?"

"ఏం, బాగాలేదా? పెళ్ళి రిజిస్టర్లో కూడా ఇదే పెట్టాను. అక్కడా ఎవరూ మెచ్చుకోలేదు."

"ఎక్కడ పెట్టావు?"

"పోయిన వారం శుక్రవారం, చర్చి కింద, నువ్వు రాని ఆ చేపల విందులో. ఒక చేతిలో ప్లేటు, ఒక చేతిలో పెన్ను. నూనె మరక ఉండాలి చూడు."

ఉంది. బొటనవేలంత.

"దేనికని పెట్టావు హోజియా?"

ఆయన ఆమెని వింతగా చూశాడు. "నీ మోకాలికి."

వాళ్ళ చర్చిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మొక్కజొన్న రొట్టెతో పాటు ఒక కాగితం కూడా బల్ల బల్లకీ తిరుగుతుంది. అందరూ పేరూ, చిరునామా రాస్తారు. దాన్ని పెద్ద కార్డుకి అంటించి జబ్బు మనిషికి పంపుతారు. లేచాక ఆ మనిషి ఆ చిరునామాలకి కృతజ్ఞతలు పంపాలి. ఆ కాగితాన్ని ఎవరూ చదవరు. చదివితే, ఆ మనిషి జబ్బు నిజమో కాదో చూసినట్టు ఉంటుందని మొహమాటం.

"పైన ఏం రాసి ఉందో చూడలేదా?"

"పైన చర్చి కరపత్రం పెట్టి క్లిప్పు బిగించి ఉంది. ఒడెస్సా తెచ్చింది, పెట్టాను. ఇంతకీ తగ్గిందా?"

ఒడెస్సా. ఆ పేరు వినగానే వెర్లీన్‌కి ఒంట్లో ఎక్కడో బస్సు తలుపు చప్పుడు లేకుండా మూసుకున్నట్టయింది. నున్నటి కొత్త రోడ్డు మీద నడుస్తుంటే తన అడుగులే తనని వెంబడిస్తున్నట్టు వినిపించాయి.

ఒడెస్సా వంటింట్లో ఆకుకూర కడుగుతోంది. నీళ్ళ కింద ఆకులు పచ్చటి చేతుల్లా తేలుతున్నాయి.

"ఆ కాగితం నీకెవరిచ్చారు?"

"డెక్స్టర్. మిస్ వెర్లీన్‌కి కార్డు పంపిద్దాం, అందరి చేతా పెట్టించు అన్నాడు. ఏం, కార్డు రాలేదా?"

"పైన మేయరు పేరుంది ఒడెస్సా."

"కరపత్రం తగిలించే ఇచ్చాడే తల్లీ. నేను ఎత్తి చూస్తానా?"

వెర్లీన్ ఆమె ముఖాన్ని, తల మీది అద్దంలో వెనక సీటుని చూసినట్టు చూసింది. ఒడెస్సా నీళ్ళు కట్టేసింది.

"అలా చూడకు. నలభై ఏళ్ళనుంచీ నీ ఇంటి తాళంచెవి నా దగ్గరుంది. చూడాలనుకుంటే అది ఇచ్చిన రోజే చూడాల్సింది."

వెర్లీన్ కళ్ళు దించుకుంది. "దీని కింద సంతకం పెడితే నేను అబద్ధం చెప్పినట్టు. పెట్టకపోతే బూత్ తీసేస్తాడు."

"మరి?"

"పదిహేను మంది దగ్గరికీ మళ్ళీ వెళ్తాను. కొత్త కాగితంతో."

"ఆ కాలితోనా?"

"కాలు కూడా నాతోనే వస్తుంది, ఎక్కడికి పోతుంది?"

ఆదివారం చర్చి వదిలాక బయల్దేరింది. ప్రతి గుమ్మం ముందూ కాగితం పైభాగం గట్టిగా చదివింది: లెలాండ్ బ్రాక్స్‌టన్, మేయరు పదవికి. చదివాక ఆగింది. ఆ ఆగడంలో మనుషులు మొదటిసారి ఆలోచించుకున్నారు.

"రోడ్డు కోసం పెడతాను," అన్నాడు హోజియా. "ఎందుకు వేశాడో తెలుసు. నా కారు చక్రాలకి తెలీదుగా."

లూసిల్ బాటిస్ట్ తల అడ్డంగా ఊపింది. "నీ మోకాలికైతే ఇంకోసారి పెడతాను సిస్టర్. ఆయనకి పెట్టను." పసిబిడ్డ నిద్రపోతున్న గది తలుపులా, తన తలుపు నెమ్మదిగా వేసుకుంది.

పధ్నాలుగు గుమ్మాల్లో ఎనిమిది సంతకాలు వచ్చాయి. మిగిలింది ఒడెస్సా. వెర్లీన్ అక్కడ కూడా గట్టిగా చదివింది.

"పెట్టనా మరి? నువ్వే చెప్పు."

"నేను చెప్పకూడదు."

"ముప్పై ఏళ్ళుగా చెప్తూనే ఉన్నావుగా. నీకు నమ్మకమేనా ఆయనంటే?"

"ఏమోస్ పోయిన రోజు ఆఖరిదాకా కూర్చున్నాడు."

"కూర్చున్నాడు. నేనడిగింది అది కాదు."

వెర్లీన్ జవాబు కోసం లోపల వెతుక్కుంది. కోటు మీది మరక దొరికింది గానీ, దాని పక్కన ఇంకేదీ లేదు. ఒడెస్సా పెన్ను అందుకోలేదు. తలుపు మాత్రం తెరిచే ఉంచి, "లోపలికి రా, కూర చల్లారిపోతోంది," అంది.

సోమవారం పొద్దున వార్డు ఆఫీసు కిటకిటలాడుతోంది. డోనట్ల పెట్టెలు, కెమెరాలు. మేయరే వచ్చాడు. గుమ్మంలో వెర్లీన్‌ని చూడగానే జనాన్ని తప్పించుకుని వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి.

"మిస్ వెర్లీన్! మోకాలు ఎలా ఉంది?"

ఆమె ఆ సంగతి చర్చి దాటి ఎవరికీ చెప్పలేదు. పక్కనున్నవాళ్ళు చెవిలో వేసి ఉండొచ్చు, మేయర్ల చెవుల్లో రోజంతా అలాంటివి వేస్తూనే ఉంటారు. ఉండొచ్చు. లేదా ఆ మోకాలితో ఏం చేశారో మొత్తం తెలిసే ఉండొచ్చు. ఆమె చేతులు విడిపించుకుని, నూనె మరక పడ్డ కాగితం తీసి ఆయన ముందు పట్టుకుంది. పదిహేను వరసలూ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి.

"మా వాళ్ళు నాకు పంపిన కార్డు ఇది. మీ పేరు మీద వచ్చింది."

ఆయన కాగితం వైపు చూడలేదు. డెక్స్టర్ వైపు చూశాడు.

ఒక్క క్షణమే. బస్సులో ఆ క్షణాన్ని అద్దంలో ఆమె వేలసార్లు చూసింది. తర్వాత నవ్వు తిరిగి వచ్చింది. "ఏదో పొరపాటు జరిగుంటుంది, మావాళ్ళు చూస్తారు," అంటూ ఆయన కాగితం కోసం చెయ్యి చాచాడు.

"వద్దండీ. ఇది నేను ఉంచుకుంటాను. పదిహేను మందికీ నేను జవాబు రాయాలి."

ఆమె మిస్ ప్రూయిట్ బల్ల దగ్గర కూర్చుంది. పదిహేనేసి పేర్ల పన్నెండు నిండు కాగితాలు, ఎనిమిది పేర్ల కొత్తదీ వరసగా పెట్టుకుంది. ఒక్కో ప్రమాణం కిందా తన పేరు రాసింది. వీధివాళ్ళు వాళ్ళ ఇష్టంతో పెట్టిన సంతకాలు అవి, వాటిని ఆపే హక్కు తనకి లేదు. అన్నీ అయ్యాక మొదటి కాగితం మళ్ళీ ముందుకు లాక్కుంది. దాంట్లో మొదటి వరస వెర్లీన్ టాలివర్. ప్రతి ఎన్నికకీ ఓటరుగా ఆమె పెట్టే తొలి సంతకం.

"ఇది కొట్టెయ్యచ్చా?"

మిస్ ప్రూయిట్ కళ్ళద్దాల మీంచి చూసింది. "మీ పేరే కదండీ. గీత గీసి పక్కన పొడి అక్షరాలు వెయ్యండి."

"మిస్ వెర్లీన్, ఒక్క మాట," అని డెక్స్టర్ వెనకనుంచి వంగాడు. పిప్పరమెంటు వాసన ఆమె భుజం మీద పడింది.

"బూత్ ఎవరికిచ్చుకుంటావో ఇచ్చుకో నాయనా. వెలుతురుకి అడ్డం లే."

ఆమె గీత నిదానంగా, తిన్నగా గీసింది. మిస్ ప్రూయిట్ పదమూడు సార్లు ముద్ర వేసింది. ఆ కాగితాల మీద మేయరుకి నూట ఎనభై ఏడు మంది మిగిలారు.