వేపచెట్టు మలుపు

సైకిల్ తొక్కడం వచ్చాక కూడా మూడు నాలుగు నెలలు రానట్టే నటించాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అప్పుడు చెప్పడానికి ఎవరూ లేరు, ఇప్పుడు చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. నాకు ముప్ఫయ్యొకటి. మరిపెడ నుంచి బదిలీ మీద వచ్చి హన్మకొండలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. బడి మాత్రం ఎనుమాముల అవతల. చెప్పేది లెక్కలు. లెక్కల టీచరంటే పిల్లలకు ఎలాగూ పడదు, నా నోటి దురుసు వల్ల తోటి టీచర్లకూ పడేది కాదు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఎందుకు నవ్వుతున్నారో ముందు కనుక్కోవాలనిపించే స్వభావం నాది. మా అమ్మ ఉన్నప్పుడు, నాకు మూతి మీద ముల్లుందని అనేది.

శనివారం బడి గంట కొట్టాక మూసిన నోరు మళ్లీ సోమవారం హాజరు పిలిచేటప్పుడే తెరిచేదాన్ని. మొదటి రెండు పేర్లు గొంతులోంచి సరిగా వచ్చేవి కావు. పిల్లలు నాకు జలుబు చేసిందనుకునేవారు. ఇంటామె మంచిదే, కానీ ఆమెకు ఆరుగురు పిల్లలు, రెండు బర్రెలు. నాతో మాట్లాడే తీరిక ఎక్కడిది? ఆదివారం సాయంత్రమైతే ఏడుపొచ్చేది. కారణమేమీ లేదు, ఊరికే వచ్చేది.

మా బడిలో ఒక టీచరు బదిలీ అయి పోతూ పోతూ తన లేడీస్ సైకిల్ నాకు అంటగట్టింది. "బస్సు కోసం ఎన్ని దినాలని నిలవడ్తవు? నేర్చుకో, నీ అంతల నువ్వు పోవచ్చు" అంది. దాన్ని నడిపించుకుంటూ గదికి తెచ్చి రెండు వారాలు గోడకు ఆనించి పెట్టాను. చివరికి ఒక పొద్దున, చీర కొంగు నడుముకు దోపుకొని, దగ్గర్లో ఉన్న పార్కుకు నడిపించుకుపోయాను.

ఆ పార్కులో పూల మళ్ల చుట్టూ మొరం పరిచిన ఒక మట్టి దారి ఉండేది. ఒక కారు, దాని పక్కన ఒక సైకిల్ పట్టేంత వెడల్పు. పొద్దున్నే కొందరు ముసలివాళ్లు నడిచేవారు, ఒకరిద్దరు కిరాయి సైకిళ్ల మీద కిందామీదా పడేవారు. వాళ్ల మధ్యలోనే ఒక డ్రైవింగ్ స్కూలు అంబాసిడర్ కూడా గుండ్రంగా తిరిగేది. ముందూ వెనకా ఎర్రటి ఎల్ బోర్డు. నేర్పే ఆయన ఎడమ పక్క సీట్లో కూర్చొని, మోచెయ్యి కిటికీ మీద పెట్టుకొని ఉండేవాడు. యాభై దాటిన మనిషి. కేసముద్రం దగ్గరి పల్లె. ఇరవయ్యేళ్లు లారీ నడిపి, నడుము నొప్పితో మానేసి, ఈ పనికి కుదిరాడు. ఇవన్నీ తర్వాత తెలిశాయి.

మొదటి రోజే వెళ్లి ఆయన కారును గుద్దాను. కారు కదలడం లేదు, వేపచెట్టు కింద ఆగి ఉంది. పార్కంతా ఖాళీ. అయినా నా సైకిల్ సూటిగా దాని బంపరు దగ్గరికే పోయింది. కింద పడ్డాక నేను మొదట అన్న మాట, "కారు అక్కడ ఎవరు పెట్టమన్నారు?" అని.

ఆయన దిగి వచ్చి సైకిల్ లేపాడు. "దెబ్బ తాకిందా పంతులమ్మా?" అన్నాడు. నేను గద్దించిన తీరు చూసి కనిపెట్టినట్టున్నాడు. "కారు దిక్కు సూస్తె సైకిలు కారు మీదికే పోతది. దారి దిక్కు సూడుండ్రి."

లెక్కల టీచరుకు ఒకరు పాఠం చెప్పడం. నాకు చర్రున లేచింది. కానీ మర్నాడు దారి వైపు చూశాను, పడలేదు.

పార్కులో ఎవరూ రాయని పద్ధతి ఒకటుండేది. కారు వెనక నుంచి వస్తే ఆయన స్టీరింగు వైపు వంగి రెండుసార్లు చిన్నగా హారన్ కొట్టేవాడు. సైకిల్ ఎడమకు జరగాలి. జరగడం చేతకాకపోతే కాలు కింద పెట్టాలి. సైకిలు మీది మనిషి కాలు కింద పెడితే కారు ఆగి తీరాలి. అలా నేను వేపచెట్టు మలుపు దగ్గర కాలు కింద పెట్టేదాన్ని, కారు నా పక్కన ఆగేది. ఆయన కిటికీ సరిగ్గా నా వైపే ఉండేది.

"ఏమాయె పంతులమ్మా?"

"మలుపు తిరగట్లేదు."

"జర వంగుండ్రి, అదే తిరుగుతది. ఫికర్ చెయ్యకుండ్రి."

ఇంతే. రోజుకు రెండు మూడు మాటలు. కానీ పొద్దున్నే గొంతు తెరుచుకునేది. ఆ మాటలు పట్టుకొని బడిదాకా పోయేదాన్ని. ఎవరో ఒకరు నేను రావడం చూసి చెయ్యెత్తుతారన్నది ఆ ఊళ్లో నాకున్న ఒకే ఒక ఆసరా. దీనికి ప్రేమా దోమా అని పేర్లు పెట్టొద్దు. ఆయనకు మనవళ్లున్నారు, నాకు బుద్ధుంది.

దసరా సెలవులు అయిపోయేసరికి నాకు సైకిల్ వచ్చేసింది. ఒక పొద్దున మలుపు దానంతట అదే తిరిగింది. వెనక రెండు హారన్లు వినబడ్డాయి, ఎడమకు జరిగాను, కారు ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన చెయ్యి ఊపాడు. నాకు సంతోషం కలగాలి. గుండెల్లో రాయి పడింది. సైకిల్ వస్తే ఇక పార్కులో నాకేం పని?

మర్నాడు వేపచెట్టు దగ్గర మళ్లీ కాలు కింద పెట్టాను. "ఏమాయె పంతులమ్మా?" అన్నాడు ఆయన. "నిన్న ఏదో అదృష్టం కొద్దీ తిరిగింది" అన్నాను.

అక్కడి నుంచి నా నటన మొదలైంది. ఏ రోజు ఏమడగాలో ముందే అనుకొని వెళ్లేదాన్ని. బ్రేకు ముందుది పట్టాలా, వెనకదా? ఎత్తు ఎక్కేటప్పుడు లేచి తొక్కాలా? చెయిను ఎందుకు ఊడుతుంది? ఆయన ప్రతిదానికీ ఓపిగ్గా చెప్పేవాడు. అబద్ధం నిలబడాలి కదా, అందుకని సైకిల్ వచ్చి కూడా బడికి బస్సులోనే పోయేదాన్ని. చౌరస్తాలో గంటసేపు నిలబడి, చెమటలు కక్కుతూ, తలుపు పట్టుకు వేలాడుతూ. ఇంత తెలివితక్కువ లెక్క నా విద్యార్థి ఎవడైనా చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని.

అప్పట్లో ఆయన దగ్గర నేర్చుకుంటున్నది ఒక బట్టల కొట్టు సేటు. స్టీరింగుకూ పొట్టకూ మధ్య సందులేని మనిషి. నేను కాలు పెట్టినప్పుడల్లా పాపం ఆయనా బ్రేకు తొక్కాల్సిందే. ఒకరోజు నాకు వినబడేలాగే అన్నాడు: "పంతులమ్మకు ఎప్పుడు వస్తదో గని, నేనైతె ఈ జన్మల మూడో గేరు సూసేటట్టు లేను."

"మీకేం తొందర సేటూ? దుకాణం యాడికి పోదు" అన్నాడాయన.

మిర్చి సీజన్ వచ్చింది. ఒకరోజు బడిలో తనిఖీ ఉంది, బస్సు ఎంతకీ రాలేదు. గదికి పరుగెత్తి సైకిల్ తీశాను. ఎనుమాముల మార్కెట్టు రోడ్డంతా మిర్చి బస్తాల లారీలు, ఎడ్లబండ్లు. ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు. నేను ఒక చేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఒక్క చేత్తో హ్యాండిల్ పట్టుకొని, బండ్ల సందుల్లోంచి బెల్లు కొడుతూ పోతున్నాను. ఎదురుగా అంబాసిడర్ వచ్చింది. సేటు ధ్యాసంతా లారీల మీద ఉంది. పక్కనున్నాయన నన్ను చూశాడు. రెండుసార్లు హారన్ కొట్టి, ముఖమంతా నవ్వుతో చెయ్యెత్తాడు. నేను దారి వైపు చూస్తూ వెళ్లిపోయాను.

రెండు రోజులు పార్కుకు పోలేదు. మూడో రోజు పోకుండా ఉండలేకపోయాను. వేపచెట్టు దగ్గర కాలు కింద పెట్టాను. అలవాటు. కారు ఆగింది. సేటు రాలేదు, ఆయనొక్కడే, ఆ రోజు స్టీరింగు ముందు కూర్చున్నాడు. దిగి నా దగ్గరికొచ్చాడు.

"మొన్న మంచిగ తొక్కుతాండ్రు పంతులమ్మా. నాకు సంబురమైంది."

"అవసరం పడి తొక్కాను. ఇంకా సరిగా రాదు" అన్నాను.

ఆయన మెల్లగా అన్నాడు: "దసర కాన్నుంచి నాకు ఎరుకే. కాలు కింద పెట్టేముందు మీరు ఎనుకకు సూస్తరు, కారు వస్తాందా లేదా అని. పడేటోళ్లు ఎనుకకు సూడరు పంతులమ్మా." తర్వాత, ఎక్కడ నొచ్చుకుంటానో అన్నట్టు, "అయితేంది, రాండ్రి. రోజు రాండ్రి. నేను ఆపుత" అన్నాడు.

ఇంతకన్నా మంచి మాట ఆ ఊళ్లో నాతో ఎవరూ అనలేదు. అప్పుడు నేను చెయ్యాల్సింది ఒక్కటే, నవ్వడం. కానీ నా ఒంటరితనం ఒకరికి కనబడిందంటే నాకు నడిబజారులో తల కొట్టేసినట్టయింది. నెలల తరబడి చూస్తూ, జాలిపడి, ఆగుతూ వచ్చాడన్నమాట.

"నేనెటు చూస్తే మీకెందుకు? మీ పని మీరు చూసుకోండి" అన్నాను.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "తప్పయింది పంతులమ్మా" అని వెళ్లి కారెక్కాడు. ఆయన చేసిన తప్పేంటో నాకిప్పటికీ తెలియదు. సైకిల్ తిప్పుకొని గేటు దాటాను. చక్కగా, ఎక్కడా కాలు పెట్టకుండా తొక్కుకుంటూ వచ్చేశాను. మళ్లీ ఆ పార్కుకు పోలేదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూనే ఏళ్లు గడిచాయి.

ఎనభైలు అయిపోవస్తున్నప్పుడు, ఒక సాయంత్రం బడి నుంచి వస్తున్నాను. క్యారియర్ మీద పరీక్ష పేపర్ల కట్ట. వెనక నుంచి హారన్, రెండుసార్లు, చిన్నగా. నా కాలు దానంతట అదే కిందికి దిగింది. ఈసారి దాచుకోకుండా వెనక్కి చూశాను. చూస్తే చూశానని ఎవరైనా అనుకోనీ అనుకున్నాను.

కారు ఆగింది. ఎల్ బోర్డు ఉంది. ఎడమ సీట్లో ముప్ఫయ్యేళ్ల మీసాల మనిషి. ఆయన కాదు.

"ఏమన్న అడుగుతరా అక్కా?" అన్నాడు.

"నేనెందుకు అడుగుతాను? నువ్వెందుకు ఆపావు?"

"మాకు నేర్పిన పెద్దాయన గట్లనే చెప్పేటోడు. ముందట సైకిల్ మీద ఆడామె కాలు కింద పెడితె ఆగాలె, ఏమన్న అడిగేటిదుంటదేమో అని. సైకిల్ వస్తదా రాదా మనకెందుకు, ఆగుడే మన పని అనేటోడు."

"ఆయన ఎక్కడున్నాడు?"

"నడుం పనిచెయ్యక ఊరికి పోయిండు. రెండేండ్లాయె. పండుగకో పబ్బానికో పోయి సూసొస్త."

వెనక ఒక లారీ హారన్ మోగించింది. స్టీరింగు ముందున్న కుర్రాడు కంగారు పడుతున్నాడు. నా గొంతు బొంగురుపోయింది, సోమవారం పొద్దున హాజరు పిలిచేటప్పటి లాగా.

"ఈసారి పోయినప్పుడు ఆయనకొక మాట చెప్పు. లెక్కల పంతులమ్మకు మలుపు ఇంకా రాలేదట అని చెప్పు."

అతను నా సైకిల్ వైపూ, పేపర్ల కట్ట వైపూ, నా వైపూ చూశాడు. ఏమనుకున్నాడో, "చెప్త అక్కా" అన్నాడు. కారు కదిలింది. నేను కాలు కింద పెట్టుకొని, అది మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.