గట్టు పక్కన కందకం

ఆ రోజు పలమనేరు పోయే ఎర్రబస్సులో నా ఒళ్లో పురుగు తొలిచిన మామిడి బెరడు ఉంది. గట్టు అవతల తమ్ముడి తోటను ముట్టని పురుగు నా తోటనే తింటోందని కడుపు మండిపోతోంది.

పక్క సీటు పెద్దాయన బెరడు తీసుకుని వాసన చూశాడు.

"చెట్టు తిప్పలు పడతా ఉండాదప్పా. అట్లాంటి చెట్టుకు ఒక వాసన పుడతాది. దాన్ని పట్టుకొనే పురుగు వస్తాది. వేర్లేమైనా తెగినాయా?"

లేదన్నాను.

నా నీళ్లు తమ్ముడి చెట్లు తాగకూడదని, ఎండాకాలంలో గట్టుకు ఇవతల లోతుగా కందకం తవ్వించింది నేనే. తెగినవన్నీ నా చెట్ల వేర్లే.

ఆ వారమే కందకం పూడ్చడం మొదలుపెట్టాను.

"యెందుకు పూడుస్తా ఉండావన్నా?" అన్నాడు తమ్ముడు.

పశువులు పడతాయని చెప్పాను. వాడు నమ్మి, తన తోటలోని మట్టి కూడా గంపలతో తెచ్చి పోశాడు. దానికీ నాకు కడుపు మండింది.