తొమ్మిది రివాల్వర్ల అంకుల్

పోయిన నెల ఒక గురువారం పొద్దున్నే పక్కింటి ఆంటీ ఫోన్ చేసి, "మీ అంకుల్ ఎంత లేపినా లేవట్లేదమ్మా, ఒక్కసారి రా" అన్నారు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య చెక్క కంచె ఒకటే అడ్డం. నైటీ మీద జాకెట్ వేసుకుని పరిగెత్తాను. నేను వెళ్ళేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందని అంబులెన్స్ వాళ్ళు చెప్పారు. వచ్చినవాళ్ళంతా "అదృష్టవంతుడు, అనాయాసంగా పోయాడు" అంటుంటే నాకు ఒళ్ళు మండింది. అదృష్టమా నా మొహమా! ఇంకో పదేళ్ళు ఉండాల్సిన మనిషి.

ఆయన మీకు తెలియదు కదా, చెబుతాను. నలభై ఏళ్ళ కిందట కాకినాడ నుంచి సిడ్నీ వచ్చిన మత్తు డాక్టరు. రిటైరయ్యాక ఇక్కడ స్కోఫీల్డ్స్‌లో మా పక్కిల్లు కొన్నారు. మా వీధిలో రిటైరైన అంకుల్స్ ఒకరు గోంగూర పెంచుతారు, ఒకరు భజనలకి వెళతారు. ఈయన పాత రివాల్వర్లు సేకరించేవారు. పెద్దవేం కావు, అరచేతిలో ఇమిడే, చిన్న తూటాలు పట్టే రకాలు, నూరేళ్ళు పైబడినవి. మొత్తం తొమ్మిది. ఇక్కడ పాత ఆయుధాలు సేకరించేవాళ్ళకిచ్చే 'కలెక్టర్' లైసెన్సు ఉంటే వాటిని దాచుకోవచ్చు, పేల్చడానికి మాత్రం వీల్లేదు. ఇంట్లో ఒక్క తూటా కూడా ఉండేది కాదు. "మా నాన్నగారు నన్ను కలెక్టర్ని చేద్దామనుకున్నారమ్మా. అరవై దాటాక అయ్యాను, పాపం ఆయన చూడలేదు" అని పకపకా నవ్వేవారు.

మొదటిసారి చూసినప్పుడు నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మా పాపని వెంటబెట్టుకుని పప్పుచారు గిన్నెతో వెళితే, ఈయన డైనింగ్ టేబుల్ మీద టవల్ పరిచి, తెల్ల గ్లవ్స్ వేసుకుని, ఒక రివాల్వర్‌ని నూనె గుడ్డతో తుడుస్తున్నారు. మా పాప చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాను. "ఆగమ్మా, ఇది మనుషుల కోసం చేసింది కాదు, కుక్కల కోసం" అన్నారు. అప్పట్లో బెల్జియంలో సైకిలు తొక్కేవాళ్ళు వెంటపడే కుక్కల్ని బెదరగొట్టడానికి జేబులో పెట్టుకునేవారట. జేబులో ఇరుక్కోకుండా ట్రిగ్గర్ మడిచేయొచ్చు. "మా కాకినాడలో అయితే వంగి రాయి తీసినట్టు నటిస్తే చాలు. దీనికింత ఇంజనీరింగా!" అని ఆయనే వెక్కిరించారు. మా పాప "డిడ్ ఇట్ కిల్ ఎనీవన్?" అంటే, "ఒక్క కుక్కని కూడా చంపి ఉండదమ్మా, మొహం చూడు ఎంత అమాయకంగా ఉందో" అన్నారు.

ఆ రోజు నుంచి నాకూ పిచ్చి పట్టుకుంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లోనే. లైసెన్సు లేనివాళ్ళ చేతికి ఇవ్వడం తప్పని, ఆయన పట్టుకుని తిప్పుతుంటే నేను భూతద్దంలోంచి చూసేదాన్ని. ఎవరో పేరు తెలియని పనివాడు మిల్లీమీటరంత ముద్రలు కొట్టిన చోటు దొరికితే ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచేవాళ్ళం. తూటాలు పట్టే సిలిండర్ తిరిగి తన స్థానంలో కూర్చునే చిన్న చప్పుడు వినాలని టీవీ ఆపించేవారు. "ఉద్యోగమంతా మనుషుల్ని నిద్రపుచ్చాను. ఇప్పుడు వీటిని నిద్రపుచ్చుతున్నాను" అనేవారు.

ఒక దసరాకి నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. ఆయుధ పూజ అని ఆయన తొమ్మిదింటినీ వరసగా పేర్చి హారతి కోసం లోపలికి వెళ్ళారు. నేను భక్తి ఎక్కువై, కుంకుమ నీళ్ళతో తడిపి ఒకదాని గొట్టానికి చక్కగా బొట్టు పెట్టాను. సాయంత్రానికి ఆ నల్లటి నీలం రంగు మీద ఎర్రటి తుప్పు మచ్చ తేలింది. "ఓరి భగవంతుడా! నూరేళ్ళు ఏమీ కానిది నీ చేతిలో పడిందే!" అని తల పట్టుకున్నారు. నేను ఏడుపుమొహం పెట్టేసరికి ఆయనే నన్ను ఊరుకోబెట్టారు. సాండ్‌పేపర్‌తో తీసేద్దామన్నాను. "వద్దు. పాతదాన్ని కొత్తది చెయ్యకు. దాని వయసు దాన్ని ఉంచుకోనీ" అన్నారు. మరుసటేడు నుంచి బొట్టు వాటిని దాచే ఇనుప సేఫ్ తలుపుకే.

పోయిన ఏడాది ఒకరోజు టేబుల్ మీద నా ముందు కాగితాలు పెట్టారు. వాళ్ళబ్బాయి పెర్త్‌లో ఉంటాడు, వాడికి వీటి పొడ గిట్టదు. "నా తర్వాత ఇవి విడిపోకూడదమ్మా. నువ్వు లైసెన్సు తీసుకో, అన్నీ నీకే. అప్పుడు నీ చేతికిస్తాను, నువ్వే తిప్పుదువుగాని" అన్నారు. ఆయన నింపాల్సిన భాగం అప్పటికే నింపి సంతకం కూడా పెట్టేశారు.

అప్పుడే మేం సిటిజన్‌షిప్‌కి పెట్టుకున్నాం. మావారు "ఇప్పుడు తుపాకీ లైసెన్సని పోలీసు కంప్యూటర్లో పేరెక్కితే సిటిజన్‌షిప్ ఆపేస్తారు, వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారు" అన్నారు. రోజంతా కంప్యూటర్ల ముందే కూర్చునే ఉద్యోగం నాది, ఒక్కసారి వెతికి చూసినా తెలిసేది. చూడలేదు. కాగితాలు సొరుగులో పడేశాను. అంకుల్ అడిగితే, "పెట్టేశానంకుల్, ప్రాసెసింగ్‌లో ఉంది" అని నోటికొచ్చిన అబద్ధం చెప్పేశాను. ప్రతి ఆదివారం గేటు దగ్గరే "ఏమ్మా, కబురేమైనా వచ్చిందా?" అని అడిగేవారు. లేదంటే, "వస్తుందిలే, వాళ్ళకేం తొందర" అని నాకే ధైర్యం చెప్పేవారు. నా చేతులకి సరిపోయే చిన్న జత గ్లవ్స్ కూడా తెప్పించి పెట్టారని ఆంటీ చెప్పారు. అప్పుడైనా సిగ్గుపడి ఆ కాగితాలు తీసి ఉంటే ఎంత బాగుండేది!

పెద్దకర్మ అయిన వారానికి పాత తుపాకులు కొని అమ్మే డీలర్ వచ్చాడు. ఆంటీకి లైసెన్సు లేదు కాబట్టి అవి ఇంట్లో ఉండకూడదు. ఎవరు ఏది కొంటారో తెలియదని, విడివిడిగానే పోతాయని చెప్పి, గరాజ్‌లో సేఫ్ ముందు కూర్చున్నాడు. ఆంటీ నన్ను హాల్లోకి పిలిచి, "అమ్మా, నీ లైసెన్సు వచ్చేదాకా ఆగమని ఈయన్ని అడగనా? అన్నీ నీకేనని మీ అంకుల్ చెప్పారుగా. ఎక్కడిదాకా వచ్చిందో ఒక్క ఫోన్ చెయ్యి తల్లీ" అన్నారు.

"ఆంటీ, నేను అసలు..." అన్నాను.

ఆవిడ చటుక్కున చెయ్యెత్తి ఆపారు. గోడమీద దండ వేసిన అంకుల్ ఫొటో వంక చూశారు. నా మణికట్టు పట్టుకుని బట్టలుతికే లాండ్రీ గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేశారు.

"ఇప్పుడు చెప్పు" అన్నారు గొంతు తగ్గించి. "ఆయన వినకుండా చెప్పు."

చెప్పాను. వాషింగ్ మెషీన్‌ని ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆంటీ నా మణికట్టు వదల్లేదు. గోడ అవతల డీలర్ ఒక్కొక్కదాని నంబరూ పైకి చదువుతున్నాడు. చదివిన ప్రతిసారీ ఒక పెట్టె మూత పడుతోంది. తొమ్మిదో మూత పడేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.