అమ్మ మొక్కు, అత్త రోకలి

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, నాకు ఏడుపు రాలేదు. తినమంటే తినేదాన్ని, పడుకోమంటే పడుకునేదాన్ని. యుద్ధం రోజులు, మందు దొరక్క జ్వరంతోనే వెళ్ళిపోయింది అమ్మ. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు ఆమె ఒక మొక్కు మొక్కుకుంది. బిడ్డ దక్కితే చంకనెత్తుకుని, దారిలో ఎక్కడా దింపకుండా రామతీర్థం నడిచి వెళ్ళి స్వామికి చూపిస్తానని.

మొక్కు మిగిలింది, ఆమె లేదు. నాన్న బండి కడతానన్నాడు. నేను మోస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఏ కోరికా లేని ఆ రోజుల్లో అదొక్కటే కావాలనిపించింది. చీపురుపుల్లకి పిల్లాణ్ణి కట్టినట్టుంటుందని పక్కింటి పిన్ని నవ్వింది.

రోజూ తమ్ముణ్ణి ఎత్తుకుని పొలం గట్ల మీద నడిచేదాన్ని. ఎన్నాళ్ళు నడిచినా మామిడితోట దగ్గరికి వచ్చేసరికి చేతులు జారిపోయేవి, దింపేసేదాన్ని. మా ఇంట్లోనే ఉండే అత్త, నాన్నకు అక్క, కొన్నాళ్ళు చూసి ఊరుకుంది. ఒకనాడు రోకలి తెచ్చి నా చేతికిచ్చింది.

"నడిస్తే నడకొస్తాది గానీ బలం రాదే గుంటా. ఒకనాడు దంచు, మర్నాడు నడు."

దంచిన మర్నాడు భుజాలూ తొడలూ పట్టేసి, మునుపటి దూరం కూడా వెళ్ళలేకపోయాను. పిల్ల చేత పని చేయించుకోవడానికి ఇదో ఎత్తు అంది పిన్ని. అత్త దంచడంతోపాటు వడ్ల బుట్ట కూడా అటకెక్కించమంది. దంచిన రోజు మాత్రం నడవనిచ్చేది కాదు, గంజి పోసి కూర్చోబెట్టేది. బుట్టలో వడ్లు నాకు తెలియకుండానే పెంచుతూ వచ్చింది. చలికాలం వచ్చాక ఒకరోజు, మామిడితోట దాటి చాలా దూరం వెళ్ళొచ్చానని ఇల్లు చేరాకగానీ గమనించలేదు.

మాఘమాసంలో తెల్లవారుతూనే బయల్దేరాం. అత్త నా పక్కనే నడిచింది. నాన్న ఎందుకైనా మంచిదని వెనకాలే బండి తోలుకొచ్చాడు. తమ్ముడు నిద్రపోయి మరింత బరువెక్కాడు. రామతీర్థం కొండ కనబడేచోట నాన్న బండి దిగి చేతులు చాచాడు. నేను తల అడ్డంగా ఊపి, తమ్ముణ్ణి రెండో చంకకి మార్చుకుని నడిచాను.

స్వామి ముందు నిలబడితే ఏదో అనిపిస్తుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు. ఆ మాటే అత్తకు చెప్పాను.

"అనిపించకపోతే ఏటయ్యిందే? తెచ్చినావు కదా," అంది.

అప్పుడు తమ్ముణ్ణి కిందికి దింపాను.

ఈ వయసులోనూ దండం పెడితే మనసు పలకని రోజులుంటాయి. ఆ రోజుల్లోనూ స్నానం చేసి దీపం వెలిగిస్తాను. మనసు వచ్చేదాకా ఆగనక్కరలేదని ఆనాడే తెలిసింది. ముందు స్వామికి, ఆ తర్వాత మా అత్తకు దండం పెట్టుకుంటాను.