అక్క అడిగిన పాత హెడ్‌సెట్

అక్కకు పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. నడక కొంత కుదిరింది. మాట కాస్త ముద్దగా వచ్చేది గానీ అర్థమయ్యేది. ఎడమ చెయ్యి మాత్రం గుప్పిట బిగిసిపోయి, భుజం నుంచి ఓ జానెడు లేచి ఆగిపోయేది. ముప్ఫై ఏళ్ళు కోడూరు పక్కన బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేది కూడా ఆవిడే.

గుడివాడలో ఒక ఫిజియోథెరపిస్టు కళ్ళకు బొమ్మలు చూపించే వీఆర్ హెడ్‌సెట్ పెట్టి చేతి వ్యాయామాలు చేయిస్తోందని విని, బావగారూ నేనూ అక్కను తీసుకెళ్ళాం. ఆమె చిన్న వయసమ్మాయే. ఓపిగ్గా మాట్లాడింది. అక్కావాళ్ళుండే దివిసీమ నుంచి రోజూ గుడివాడ రావడం కుదరదు కాబట్టి ఒక హెడ్‌సెట్ ఇంటికి ఇచ్చి పంపిస్తానంది. ఆమె దగ్గర రెండున్నాయి, ఒకటి పాతది, ఒకటి కొత్తది.

"అమ్మగారికి రెండూ పెట్టి చూద్దామండీ," అంది.

ముందు పాతది పెట్టింది. బరువుగా, కళ్ళ చుట్టూ పూర్తిగా మూసేసేది. దాని రిమోట్‌ని గుడ్డ పట్టీతో అక్క గుప్పిటకు కట్టింది. ఆ రిమోట్ ఎక్కడుంటే అక్కడ, లోపలి బొమ్మ ప్రపంచంలో ఒక చెయ్యి కనిపిస్తుంది. అక్క గుప్పిట బిగిసే ఉన్నా, దాని వేళ్ళు విచ్చుకునే ఉంటాయి. అక్క భుజాన్ని కొద్దిగా కదిలించింది. లోపల ఏదో బుడగ పగిలినట్టుంది.

"తమ్ముడూ! వేళ్ళు విచ్చుకున్నాయిరా!" అని పెద్దగా నవ్వింది. ఆ మూడు నెలల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. బుడగలు పగలగొడుతూనే ఉంది, మేం ఆపమనేదాకా.

తర్వాత కొత్తది. తేలిగ్గా ఉంది. ముందున్న కెమెరాల వల్ల గది గదిలాగే కనిపిస్తుంది. రిమోట్ అక్కర్లేదు, చేతుల్నే చూసి గుర్తుపడుతుంది. అంటే అక్కకు అందులో కనిపించింది తన చెయ్యే, బిగిసిన గుప్పిటే. రెండు నిమిషాలు చూసి తీసేసింది.

"పాతదే బావుందిరా. అదే తీసుకుందాం."

నేను బందరులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. ఇంట్లో ఫోన్ నుంచి టీవీ దాకా ఏది కొనాలన్నా నన్నే అడుగుతారు. ఆ అమ్మాయి ముందు నా తెలివి చూపించుకోవాలనే సరదా కూడా ఉందేమో, కాదనను.

"అది ఎప్పటిదో అక్కా. కంపెనీ వాళ్ళే దాన్ని వదిలేశారు. అది పెట్టుకుని దేనికైనా గుద్దుకుని పడితే? నీకు తెలీదు, ఊరుకో."

"ఏది నచ్చితే అదే ఎక్కువసేపు చేస్తారండీ," అంది ఆ అమ్మాయి మెల్లగా. "ఈ మొదటి నెలలే ముఖ్యం కదండీ."

ఆమెకు కెమెరాల గురించీ, సాఫ్ట్‌వేర్ గురించీ పది నిమిషాలు పాఠం చెప్పాను. ఆమె కొత్తదాన్ని పెట్టెలో సర్ది ఇచ్చింది. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కొత్తది పట్టుకుని పులిగడ్డ వారధి దాటి ఇంటికొచ్చాం.

రోజూ ఫోన్ చేసి అడిగేవాణ్ణి. "చేస్తున్నాలే," అనేది. నెల తర్వాత ఒక ఆదివారం వెళ్ళి హెడ్‌సెట్ తెరిచి చూశాను. ఏ రోజు ఎంతసేపు చేసిందో అందులోనే ఉంటుంది. మొదటి పది రోజులు కొద్దికొద్దిగా ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

"చేస్తున్నానన్నావుగా! పిల్లలకు చెప్పినదానివి, నువ్వే అబద్ధాలాడితే ఎలా?" అని కేకలేశాను.

"దానిక్కూడా నా చెయ్యి కనపట్టం లేదురా," అంది అక్క.

నిజమే. బిగిసిన గుప్పిటను అది చెయ్యిగా గుర్తించడం లేదు. చెయ్యి కనిపించేలా పెట్టమని ఇంగ్లీషులో అక్షరాలు వస్తున్నాయి. ఇంగ్లీషు చదవడం వచ్చిన మనిషి పది రోజుల పాటు అది చదువుకుని, పెట్టెలో పెట్టేసింది. బావగారు వేళ్ళు విడదీసి పట్టుకుంటే, అది ఆయన చేతినే గుర్తుపట్టేదట.

అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. గదిలో వెలుతురు చాల్లేదని తేల్చి, పెద్ద లైటు తెచ్చి బిగించాను. ఇంకో నెల పోయింది. చివరికి నేనొక్కణ్ణే గుడివాడ వెళ్ళి పాతది ఇమ్మని అడిగాను.

"బంటుమిల్లి రైతు ఒకాయనకు ఇచ్చామండీ. రోజూ చేస్తున్నారు. ఆయన అయ్యాక ఇస్తాను," అంది. నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బావుండేది.

అది మాకు వచ్చేసరికి మరో మూడు నెలలు. నేనే అక్క గుప్పిటకు పట్టీ కట్టి, తలకు తగిలించాను. భుజం కదిలించింది. లోపల వేళ్ళు విప్పుకునే ఉండి ఉంటాయి. ఈసారి నవ్వలేదు.

"తీసెయ్యరా. ఈ చెయ్యి నాది కాదని ఇప్పుడు తెలుసు."

"ఇంకొక్కసారి చూడక్కా," అన్నాను. కుడిచేత్తో తనే తీసి నా ఒళ్ళో పెట్టింది.

బస్టాండు దాకా వచ్చిన బావగారు, ఎప్పుడూ నన్ను పల్లెత్తు మాట అననాయన, "అంత జబ్బు చేశాక ఆవిడ నోరు తెరిచి అడిగింది ఆ పాతదొక్కటేనయ్యా," అన్నారు.

చెయ్యి అలాగే ఉండిపోయింది. మొదట్లోనే పాతది తీసుకుని ఉంటే గుప్పిట తెరుచుకునేదా అని ఆ అమ్మాయిని తర్వాత అడిగాను. "చెప్పలేమండీ," అంది. ఆ మాట పట్టుకుని నన్ను నేను క్షమించుకుందామని చాలాసార్లు చూశాను గానీ కుదరడం లేదు. గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటాయని బావగారు వారం వారం ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి గోళ్ళు తీస్తారు. నేనున్నప్పుడు మాత్రం అక్క ఆ పని చేయించుకోదు.